డిస్నీ వరల్డ్‌లో పరుగు వారాంతం: కుటుంబ విహారంతో కలిపి ప్రణాళిక ఎలా వేసుకోవాలి

ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో డిస్నీ సంస్థ రన్‌డిస్నీ పేరుతో నడిపే పరుగులకు పేరు ఇచ్చినవారూ, ఇవ్వాలనుకుంటున్నవారూ మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఒకటుంది: పరుగు పూర్తిచేసి, పిల్లలకు పార్కులన్నీ చూపించి, ఇంట్లోవాళ్ళెవరూ విసుక్కోకుండా తిరిగి రాగలమా? రాగలరు. అయితే ఒక లెక్కను ముందే ఒప్పుకోవాలి. ఇక్కడ పెద్దల పరుగులు తెల్లవారుజామున 5 గంటలకు మొదలవుతాయి. అందువల్ల ముందు రోజు సాయంత్రమూ, పరుగు రోజు మధ్యాహ్నమూ కూడా పరుగు ఖాతాలోకే పోతాయి. ఒక్క పరుగుకు రమారమి ఒకటిన్నర రోజు పక్కన పెట్టి, మిగిలిన రోజుల్లో పార్కులను అమర్చుకున్నవారికి యాత్ర హాయిగా సాగుతుంది. పార్కులతో రోజులన్నీ నింపేసి, పరుగును మధ్యలో ఇరికించినవారికి రెండూ చెడతాయి. కింద చెప్పిన దశలన్నీ ఈ లెక్కను అనుసరించి రాసినవే.

సిద్ధంగా ఉంచుకోవలసినవి

- ఫోటో ఉన్న గుర్తింపు పత్రం. అమెరికాలో ఉండేవారికి డ్రైవింగ్ లైసెన్స్ సరిపోతుంది, బయటి దేశాల నుంచి వచ్చేవారు పాస్‌పోర్ట్ చూపాలి.
- పరుగుకు సంబంధించిన వేవర్, అంటే ప్రమాదాల బాధ్యతను ఒప్పుకుంటూ సంతకం చేసే పత్రం. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల తరఫున తల్లిదండ్రులు లేదా సంరక్షకులు సంతకం చేయాలి.
- ఇప్పటికే దూరపు పరుగుల్లో వాడి అలవాటైన బూట్లు, సాక్సులు, బట్టలు.
- దారిలో వదిలేసినా బాధ కలగని పాత స్వెటర్ ఒకటి.
- పరుగు ఉదయం గదిలోనే తినడానికి, మీ కడుపుకు అలవాటైన తేలికపాటి ఆహారం.
- ఫోన్‌కు పవర్ బ్యాంక్, పెద్దలందరి ఫోన్లలోనూ మై డిస్నీ ఎక్స్‌పీరియన్స్ యాప్.
- పరుగు రోజు తెల్లవారుజాము నుంచి పిల్లల బాధ్యత చూసే పెద్దవారు ఒకరు. ఈ జాబితాలో అన్నిటికన్నా ముఖ్యమైనదీ, చాలామంది చివరిదాకా ఆలోచించనిదీ ఇదే.

1. ఏ వారాంతమో తేల్చుకోండి

డిస్నీ వరల్డ్‌లో ఏడాదికి నాలుగు పరుగు వారాంతాలు ఉంటాయి. జనవరిలో జరిగే మారథాన్ వీకెండ్ అన్నిటికన్నా పెద్దది. గురువారం 5కె (5 కిలోమీటర్లు), శుక్రవారం 10కె (10 కిలోమీటర్లు), శనివారం హాఫ్ మారథాన్ (21 కిలోమీటర్లు), ఆదివారం ఫుల్ మారథాన్ (42 కిలోమీటర్లు) వరుసగా జరుగుతాయి. ఇక్కడి మారథాన్ 1994లో మొదలైంది. ఫిబ్రవరిలో ప్రిన్సెస్ హాఫ్ మారథాన్ వీకెండ్, ఏప్రిల్‌లో 10 మైళ్ళ పరుగు ముఖ్యంగా ఉండే స్ప్రింగ్‌టైమ్ సర్‌ప్రైజ్ వీకెండ్, శరదృతువులో అక్టోబరు చివర లేదా నవంబరు మొదట్లో వైన్ అండ్ డైన్ హాఫ్ మారథాన్ వీకెండ్ జరుగుతాయి. ఈ మూడింటిలోనూ పరుగులు శుక్రవారం మొదలై ఆదివారంతో ముగుస్తాయి.

మొదటిసారి వెళ్ళే కుటుంబానికి శుక్రవారం నుంచి ఆదివారం వరకు ఉండే వారాంతాలే సులువు. మారథాన్ వీకెండ్‌లో నాలుగు ఉదయాలు రోడ్లు మూతపడతాయి, జనం కూడా ఎక్కువ. చల్లదనం కావాలంటే మాత్రం జనవరి మేలు. ఆ నెలలో ఆర్లాండోలో సగటున పగలు 22 డిగ్రీలు, రాత్రి 10 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉంటుంది. అయినా ఒక ఏడాది గడ్డకట్టే చలి, మరో ఏడాది ఉక్కపోత తప్పకపోవచ్చు. 2017 జనవరి 7న జరగవలసిన హాఫ్ మారథాన్‌ను పిడుగుల ముప్పు వల్ల రద్దు చేశారు. కాబట్టి యాత్ర మొత్తం ఆ ఒక్క పరుగు మీదే నిలబడేలా వేసుకోకండి.

ప్రత్యామ్నాయం: నడవలేని చిన్న పిల్లలు ఉంటే కాలిఫోర్నియాలోని డిస్నీల్యాండ్ పరుగు వారాంతాన్ని కూడా పరిశీలించండి. అక్కడ ఉన్నవి రెండే పార్కులు, ఎదురెదురుగా ఉంటాయి. చాలా హోటళ్ళ నుంచి నడిచే చేరుకోవచ్చు.

2. ఎవరు ఎంత దూరం పరిగెత్తాలో నిర్ణయించండి

5కెకు ఐదేళ్ళు, 10కెకు పదేళ్ళు, హాఫ్ మారథాన్‌కు 14 ఏళ్ళు, ఫుల్ మారథాన్‌కు 18 ఏళ్ళు పరుగు రోజుకు నిండి ఉండాలి. అంతకన్నా చిన్నవారి కోసం వయసును బట్టి పొట్టి పరుగులు విడిగా నిర్వహిస్తారు. బడికి వెళ్ళే పిల్లలు ఉన్న ఇంట్లో అందరూ కలిసి 5కె చేయడమే నా దృష్టిలో మంచి ఆరంభం. పెద్దవారి పరుగును పిల్లలు గంటల తరబడి చూస్తూ నిలబడనక్కర లేదు, వాళ్ళ మెడలోనూ ఒక పతకం పడుతుంది.

తల్లిదండ్రులిద్దరూ పరిగెత్తేవారైతే ఒకే రోజు, ఒకే పరుగుకు పేర్లు ఇవ్వకండి. ఒకరు శనివారం 10కె, ఇంకొకరు ఆదివారం హాఫ్ మారథాన్ తీసుకుంటే పిల్లల దగ్గర ఎప్పుడూ ఒకరు ఉంటారు. అమ్మమ్మో తాతయ్యో వెంట వస్తున్నట్లయితే ఇద్దరూ కలిసి పరిగెత్తవచ్చు గానీ, తెల్లవారుజామున పిల్లలు నిద్ర లేస్తే ఏం చేయాలో, అల్పాహారం ఎక్కడ దొరుకుతుందో, గది తాళం ఎవరి దగ్గర ఉంటుందో పెద్దవారికి ముందే వివరంగా చెప్పి ఉంచాలి.

హాఫ్, ఫుల్ రెండూ వరుస రోజుల్లో చేసే గూఫీ ఛాలెంజ్ 39.3 మైళ్ళు. నాలుగు పరుగులూ కలిపిన డోపీ ఛాలెంజ్ 48.6 మైళ్ళు. ఇవి కుటుంబ విహారంలో కలపదగినవి కావు. నాలుగు రోజులు వరుసగా అర్ధరాత్రి దాటాక లేచే మనిషి పిల్లలతో సాయంత్రం బాణసంచా చూడటానికి మిగలడు.

3. పేరు నమోదు చేయండి

పరుగుకు చాలా నెలల ముందే నమోదు తెరుస్తారు, మంచి దూరాలు త్వరగా నిండిపోతాయి. తెరిచే రోజున ఆన్‌లైన్ వరుసలో వేచి ఉండవలసి వస్తుంది కనుక ఖాతా వివరాలు, చెల్లింపు కార్డు, కుటుంబ సభ్యుల పుట్టిన తేదీలు దగ్గర ఉంచుకోండి. హాఫ్ మారథాన్ రుసుము ఒక్కొక్కరికి 200 డాలర్లు దాటుతుంది. అందులో పార్కు టికెట్ ఉండదు. కట్టిన డబ్బు తిరిగి రాదు, పేరు ఇంకొకరికి మార్చడానికి వీలు లేదు, వచ్చే ఏటికి వాయిదా వేయడానికీ వీలు లేదు.

స్థానాలు అయిపోతే రెండు దారులు మిగులుతాయి. అధికారికంగా అనుమతి పొందిన స్వచ్ఛంద సంస్థల తరఫున, వాటికి విరాళాలు సేకరించి పెట్టే షరతుతో చేరవచ్చు. లేదా అనుమతి పొందిన ప్రయాణ సంస్థల ప్యాకేజీలో చేరవచ్చు. తెలిసినవారి బిబ్ (ఛాతీకి తగిలించుకునే నంబరు కాగితం) కొనుక్కుని వారి పేరుతో పరిగెత్తడం నిబంధనలకు విరుద్ధం. పైగా దారిలో ఏదైనా జరిగితే వైద్య సిబ్బంది దగ్గర ఉండేది వేరొకరి వివరాలు.

హెచ్చరిక: నమోదు ఖాయమైనట్టు ఈమెయిల్ వచ్చేదాకా తిరిగి రాని ధరకు విమానం, హోటల్ తీసుకోకండి.

4. మీ వేగాన్ని పరీక్షించుకోండి

అన్ని పరుగులకూ మైలుకు 16 నిమిషాల పరిమితి ఉంది, అంటే కిలోమీటరుకు పది నిమిషాలకు కాస్త తక్కువ. ఈ లెక్కన 5కెకు సుమారు 50 నిమిషాలు, 10కెకు 99 నిమిషాలు, హాఫ్‌కు మూడున్నర గంటలు, ఫుల్‌కు ఏడు గంటలు పడుతుంది. పరిగెత్తేవారిని విడతలుగా వదిలే గుంపుల్లో చివరిదాని వెనక బెలూన్లు కట్టుకుని ఈ వేగంతో నడిచే వారిని బెలూన్ లేడీస్ అంటారు. వారి వెనక పడినవారిని బస్సు ఎక్కించి గమ్యానికి చేరుస్తారు.

శిక్షణ గురించి ఇక్కడ విస్తరించను. కొత్తవారికి 16 నుంచి 20 వారాలు కావాలి. 1972 ఒలింపిక్స్‌లో పరిగెత్తిన జెఫ్ గాలోవే రన్‌డిస్నీకి దీర్ఘకాలం శిక్షణ సలహాదారుగా ఉండి ప్రచారం చేసిన పరుగు, నడక, పరుగు పద్ధతి ఈ వేగానికి చక్కగా సరిపోతుంది. అర నిమిషం పరుగు, అర నిమిషం నడకతో మొదలుపెట్టినా చాలు.

సరిచూసుకునే విధానం: హాఫ్ పరిగెత్తేవారు పరుగుకు మూడు వారాల ముందు 16 కిలోమీటర్లు, కిలోమీటరుకు తొమ్మిది నిమిషాల ఇరవై సెకన్లకు మించకుండా పూర్తిచేయగలగాలి. అది కుదరకపోతే ఫోటోల కోసం ఎక్కడా ఆగకూడదని అర్థం. దారి పొడవునా డిస్నీ పాత్రలు నిలబడి ఉంటాయి, వాటి దగ్గర వరుసలు పెరుగుతూ ఉంటాయి. మైలుకు 14 నిమిషాల చొప్పున సాగే వ్యక్తికి హాఫ్ మొత్తంలో 26 నిమిషాలు మిగులుతాయి. ఒక్కో ఫోటోకు ఐదు నిమిషాలు పట్టినా నాలుగు ఫోటోలకు మించి ఆశ పెట్టుకోకూడదు. ఎక్కడెక్కడ ఆగుతారో ముందే తేల్చుకోండి.

5. రోజులను అమర్చండి

ఈ దశ మీద ఒక పూట కూర్చుని పని చేయండి. సూత్రం చిన్నదే: పరుగుకు ముందు పార్కులు తక్కువ, పరుగు తర్వాత ఎక్కువ. పార్కులో ఒక రోజు తిరిగితే పది కిలోమీటర్ల పైన నడవడం మామూలే. అంత నడిచిన కాళ్ళతో మర్నాడు 21 కిలోమీటర్లు పరిగెత్తితే ఆ పైన రెండు రోజులు మెట్లు దిగడానికి కూడా కష్టపడతారు.

జనవరి వారాంతంలో శనివారం హాఫ్ పరిగెత్తే కుటుంబానికి ఒక నమూనా ఇది.

బుధవారం చేరుకోండి. సామాను దింపుకుని, తిని, త్వరగా పడుకోండి.

గురువారం ఉదయం ఎక్స్‌పోకు, అంటే పరుగు సామగ్రి ఇచ్చే ప్రదర్శనకు, వెళ్ళి బిబ్ తెచ్చుకోండి. మధ్యాహ్నం నుంచి రాత్రి ఏడు వరకు ఒక పార్కులో నెమ్మదిగా తిరగవచ్చు.

శుక్రవారం పరిగెత్తే వ్యక్తికి పార్కు లేదు. పిల్లలు ఆగలేకపోతే మిగిలినవారు వెళ్ళాలి, లేదా అందరూ హోటల్ ఈత కొలను దగ్గర గడపాలి.

శనివారం పరుగు. స్నానం, భోజనం, నిద్ర అయ్యాక సాయంత్రం దుకాణాలు, రెస్టారెంట్లు ఉండే డిస్నీ స్ప్రింగ్స్ లేదా బోర్డ్‌వాక్‌కు వెళ్ళండి. ఈ రెండింటికీ ప్రవేశ టికెట్ అక్కర లేదు.

ఆదివారం ఫుల్ మారథాన్ వల్ల ఉదయమంతా బస్సులు చుట్టు తిరిగి వెళ్తాయి. ఆలస్యంగా లేచి మధ్యాహ్నం ఎప్‌కాట్ పార్కుకు వెళ్ళండి. సోమవారం మ్యాజిక్ కింగ్‌డమ్, మంగళవారం హాలీవుడ్ స్టూడియోస్ లేదా యానిమల్ కింగ్‌డమ్, బుధవారం తిరుగు ప్రయాణం.

నాలుగు రోజుల పార్కు టికెట్‌ను మొదటి రోజు నుంచి ఏడు రోజుల్లోగా వాడుకోవచ్చు కనుక, గురువారం మొదలుపెట్టి రెండు రోజులు వదిలేసినా ఈ పట్టికలో ఒక్క టికెట్ రోజు కూడా వృథా కాదు.

కాలమానం లెక్క మరవకండి. కాలిఫోర్నియా నుంచి వచ్చేవారికి ఫ్లోరిడాలో తెల్లవారుజాము రెండున్నర అంటే ముందు రాత్రి పదకొండున్నరే. నిద్ర లేచే సమయం వాళ్ళ ఒంటికి పడుకునే సమయం అవుతుంది. వారం ముందు నుంచే రోజుకు కొంచెం చొప్పున త్వరగా పడుకోవడం అలవాటు చేసుకోవాలి. భారతదేశం నుంచి వచ్చేవారికి శీతాకాలంలో పదిన్నర గంటల తేడా ఉంటుంది. వారికి అర్ధరాత్రి మెలకువ ఎలాగూ వస్తుంది, మధ్యాహ్నం నిద్రను ఆపుకోవడమే కష్టం. పరుగుకు కనీసం మూడు నాలుగు రోజుల ముందు చేరుకోండి.

పొట్టి యాత్ర కావాలంటే: శుక్రవారం 5కె ఉన్న వారాంతాన్ని ఎంచుకుని, గురువారం మధ్యాహ్నానికల్లా చేరి నేరుగా ఎక్స్‌పోకు వెళ్ళి, శుక్రవారం ఉదయం 5కె ముగించి, శని ఆదివారాలు పార్కుల్లో గడిపి సోమవారం వెనుదిరగవచ్చు.

6. బస ఎంచుకోండి

డిస్నీ హోటళ్ళ నుంచి పరుగు మొదలయ్యే చోటికి ప్రత్యేక రవాణా ఉంటుంది. కంటెంపరరీ, పాలినేషియన్, గ్రాండ్ ఫ్లోరిడియన్ మోనోరైలు దారిలో ఉన్నాయి. ఖరీదు ఎక్కువే గానీ జనవరి హాఫ్ మారథాన్ దారి వాటి పక్క నుంచే వెళ్తుంది కనుక చిన్న పిల్లలున్నవారికి ఆ డబ్బుకు ఫలితం దక్కుతుంది. మిగిలిన డిస్నీ హోటళ్ళలో చవకైనవి చాలు.

బయటి హోటల్ చవక. అయితే మీరే కారు నడుపుకుంటూ రోడ్లు మూసేలోగా ఎప్‌కాట్ పార్కింగ్‌కు చేరాలి. పరుగు ముగిశాక కూడా ఆ కారు వెంటనే బయటపడుతుందని అనుకోకండి. ఒకే కారుతో వచ్చిన కుటుంబంలో ఒకరు దాన్ని తెల్లవారుజామునే తీసుకుపోతే, మిగిలినవారు ఆ ఉదయమంతా హోటల్‌లోనే ఉండిపోతారు.

విమానాశ్రయం నుంచి డిస్నీ నడిపిన ఉచిత బస్సు 2022 మొదట్లో ఆగిపోయింది. పాత సలహాలు చదివి దాని మీద ఆధారపడకండి. టాక్సీకో, చెల్లింపు బస్సుకో ముందే ఏర్పాటు చేసుకోండి.

7. టికెట్లు, భోజనాలు, వరుసలు

మూడేళ్ళలోపు పిల్లలకు పార్కు టికెట్ అక్కర లేదు. పదేళ్ళు నిండితే పెద్దల టికెట్ తీసుకోవాలి. రెస్టారెంట్లలో బల్లలను 60 రోజుల ముందు నుంచి ఖాయం చేసుకోవచ్చు. పరుగు ముందు రోజు భోజనాన్ని సాయంత్రం ఐదుకు మించకుండా పెట్టుకోండి. ఏడున్నరకు దొరికిన బల్ల ఎంత మంచిదైనా వదిలేయండి. శాకాహారులు ఆ విషయాన్ని బల్ల ఖాయం చేసేటప్పుడే రాసి, అక్కడ కూర్చున్నాక మళ్ళీ చెప్పాలి.

వరుసల్లో నిలబడే సమయం తగ్గించే లైట్నింగ్ లేన్‌ను డిస్నీ హోటల్‌లో ఉండేవారు ఏడు రోజుల ముందు, ఇతరులు మూడు రోజుల ముందు తీసుకోవచ్చు. దీనికి విడిగా డబ్బు కట్టాలి. పరుగు తర్వాతి రోజు కాళ్ళు నిలబడనివ్వవు కనుక, ఒక్క రోజుకే కొనగలిగితే ఆ రోజుకే కొనండి.

8. ఎక్స్‌పో

ఈఎస్‌పీఎన్ వైడ్ వరల్డ్ ఆఫ్ స్పోర్ట్స్ ప్రాంగణంలో ఎక్స్‌పో జరుగుతుంది. బిబ్, చొక్కా అక్కడే ఇస్తారు. పరుగు ఉదయం బిబ్ ఇవ్వరు, మీ బదులు ఇంకొకరు తీసుకోవడానికీ కుదరదు. మొదటి రోజు తెరిచిన గంటల్లో స్మారక వస్తువుల కోసం పెద్ద వరుసలు ఉంటాయి. అవి అక్కర లేనివారు మధ్యాహ్నం వెళ్తే త్వరగా బయటపడతారు. పిల్లలను వెంట తీసుకెళ్ళకపోవడమే మంచిది. వాళ్ళకు అక్కడ చేసే పని ఏమీ ఉండదు.

ప్రాంగణం వదలక ముందే మూడు విషయాలు చూసుకోండి: బిబ్ మీద మీ పేరు, పరుగు సరిగా ఉన్నాయా, గుంపును సూచించే అక్షరం ఏమిటి, సామాను భద్రపరచుకునే పారదర్శకపు సంచి ఇచ్చారా. పొరపాటు ఉంటే సరిదిద్దే బల్ల అక్కడే ఉంటుంది. బిబ్ వెనక అత్యవసర వివరాలు, కుటుంబంలో ఒకరి ఫోన్ నంబరు హోటల్‌కు చేరగానే రాసేయండి.

9. ముందు రోజు

కొత్త ఆహారం వద్దు. నీళ్ళు రోజంతా కొద్దికొద్దిగా తాగండి, రాత్రి ఒక్కసారిగా తాగవద్దు. వేషం వేసుకునేవారు నిబంధనలు చదవాలి: పెద్దలు ముఖాన్ని కప్పే ముసుగులు వేయకూడదు, బట్టలు నేలకు తగిలేలా ఉండకూడదు. సెల్ఫీ కర్రలకు 2015 నుంచి డిస్నీ పార్కుల్లో అనుమతి లేదు.

సాయంత్రం ఏడుకల్లా బట్టలు, బూట్లు, బిబ్, పిన్నులు, ఉదయపు ఆహారం, గది తాళం కుర్చీ మీద పెట్టేయండి. ఏడున్నరకు దీపాలు ఆర్పండి. పిల్లలు ఒకే గదిలో ఉంటే ఇది కష్టమే. అందుకని ఇంకొకరు పిల్లలను హోటల్ ఆవరణలో తొమ్మిది వరకు తిప్పి, మాట్లాడకుండా లోపలికి తీసుకురావాలి. నిద్ర సరిగా పట్టకపోయినా భయపడకండి. అంతకు ముందు రెండు రాత్రుల నిద్ర బాగుంటే చాలు.

10. పరుగు ఉదయం

రెండున్నరకు లేవండి. రెండు అలారాలు పెట్టుకుని, ఒక ఫోన్‌ను మంచానికి దూరంగా ఉంచండి. తిని, మూడు గంటల ప్రాంతంలో బస్సు లేదా మోనోరైలు ఎక్కండి. చివరి బస్సు ఎన్నింటికో ఈవెంట్ గైడ్‌లో ఉంటుంది. దానికి అరగంట ముందే బయలుదేరడం మేలు.

ఎప్‌కాట్ పార్కింగ్ ఆవరణలో దిగాక భద్రతా తనిఖీ, సంచి అప్పగింత, మరుగుదొడ్లు, ఆ తర్వాత మీ గుంపు నిలబడే కొరాల్ దాకా నడక ఉంటాయి. ఈ నడకకే పావుగంట పైన పడుతుందని గ్రహించకపోవడం కొత్తవారిలో ఎక్కువగా కనిపించే పొరపాటు. నాలుగున్నరకల్లా కొరాల్‌లో ఉండండి. చివరి అక్షరాల గుంపులు 5 గంటలకు బయలుదేరవు. ఒక్కో గుంపును విడతలుగా వదులుతారు కనుక చివర ఉన్నవారు గంట దాకా చలిలో నిలబడవచ్చు. పాత స్వెటర్ తెమ్మన్నది ఇందుకే.

జనవరి హాఫ్ దారి ఎప్‌కాట్ దగ్గర మొదలై, మ్యాజిక్ కింగ్‌డమ్‌లో మెయిన్ స్ట్రీట్ మీదుగా సిండ్రెల్లా కోట గుండా వెళ్ళి, తిరిగి ఎప్‌కాట్‌కు చేరుతుంది. కోట దగ్గరి ఉత్సాహంలో శక్తి ఖర్చుచేసినవారికి చివరి మైళ్ళలో ఫ్లైఓవర్ల ఎక్కుడు బరువవుతుంది. గ్రాండ్ ఫ్లోరిడియన్ వెనక రోడ్డు ఇరుకుగా ఉంటుంది. నడవాలనుకుంటే చెయ్యి ఎత్తి, కుడి పక్కకు జరగండి.

హెచ్చరిక: దూరపు పరుగు మధ్యలో ఇబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు వేసుకోకండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి మూత్రపిండాలకు హాని చేయగలవు. దాహం లేకపోయినా దారిలో నీళ్ళు ఇచ్చే ప్రతి బల్ల దగ్గరా తాగేయడం కూడా ప్రమాదమే. తల తిరిగినా, వికారం అనిపించినా వైద్య శిబిరం దగ్గర ఆగండి.

11. ఇంట్లోవాళ్ళు ఎక్కడ నిలబడాలి

పిల్లలను రెండున్నరకు లేపకండి. జనవరి హాఫ్ పరుగైతే మోనోరైలు హోటళ్ళలో ఉండేవారు ఆరు గంటలకు లేచి, హోటల్ ముందుకే వచ్చి చేతులూపవచ్చు. మిగిలినవారు గమ్యం దగ్గరకు ఎనిమిది ప్రాంతానికి చేరితే సరిపోతుంది. గమ్యం దగ్గర మంచి చోటు, కూర్చునే వీలు కావాలంటే చియర్ స్క్వాడ్ అనే చెల్లింపు ప్యాకేజీ ఉంది. పిల్లల కోసమైతే ఆ ఖర్చు తప్పనిసరి అని నేను అనను.

ఫోన్లు ఆ జనంలో సరిగా పనిచేయకపోవచ్చు. అందుకని "గమ్యం దగ్గర కలుద్దాం" అని ఊరుకోకుండా, మీ ఇంటిపేరు మొదటి అక్షరం రాసిన బోర్డు కింద ఫలానా సమయానికి అని ముందే చెప్పుకోండి. పరిగెత్తేవారి జాడ తెలిపే రన్నర్ ట్రాకింగ్‌ను ముందు రోజే ఫోన్‌లో సిద్ధం చేయండి. అది ఆలస్యంగా చూపినా కంగారు పడవద్దు.

12. ముగిశాక

పతకం, నీళ్ళు, తినుబండారాల పెట్టె తీసుకుని వెంటనే కూర్చోకుండా పది నిమిషాలు నడవండి. తడి బట్టలు మార్చండి. గదికి వెళ్ళి తిని, గంటన్నర పడుకోండి. ఆ రోజే "ఎలాగూ లేచాం కదా" అని పార్కుకు వెళ్ళేవారు మధ్యాహ్నం రెండుకల్లా పిల్లల మీద కసురుకోవడం మొదలుపెడతారు. మర్నాడు చిన్న పిల్లలు ఎక్కలేని రైడ్ల దగ్గర, ఒకరు వాళ్ళతో ఉండగా పెద్దలు వంతులవారీగా ఎక్కే రైడర్ స్విచ్ సౌకర్యాన్ని అడగండి. తిరుగు విమానాన్ని పరుగు రోజుకు ఎన్నడూ పెట్టుకోవద్దు.

వారం ముందు సరిచూసుకోవడం

ఈ ప్రశ్నలకు జవాబు కాగితం మీద రాయగలిగితే మీ ప్రణాళిక నిలబడుతుంది. పరుగు ముందు సాయంత్రం ఏడు తర్వాత మీ పట్టికలో ఏమైనా ఉందా? పరుగు ఉదయం పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు, వాళ్ళు తినేది ఏమిటి? బస్సు ఎక్కే చోటు, సమయం చూశారా? పరుగు రద్దయినా యాత్రలో మిగిలిన రోజులు నడుస్తాయా? గుర్తింపు పత్రం గడువు ఉందా? ఒక్కదానికి జవాబు లేకపోయినా దాన్నే ముందు తేల్చండి. సామాను సర్దడం తర్వాత చూసుకోవచ్చు.

ఇంటికి చేరాక అధికారిక ఫలితాల్లో మీ పేరు, సమయం వెతికి, ఆ పేజీని భద్రపరచుకోండి. ఇంకోసారి హాఫ్‌కో ఫుల్‌కో పేరు ఇచ్చేటప్పుడు ముందు గుంపులో చోటు కావాలంటే పాత పరుగు సమయమే రుజువుగా అడుగుతారు. ఏ దూరం, ఏ తేదీ తర్వాతి ఫలితం చెల్లుతుందో ఆ పరుగు నిబంధనల్లో చూసి పంపండి.